అప్పులవాడు గుమ్మంలో ఉన్నప్పుడు...

ఎలీషా ప్రవక్త దగ్గరికి ఒక విధవరాలు ఏడుస్తూ వచ్చింది. ఆమె పేరేమిటో బైబిల్ చెప్పలేదు. భర్త ప్రవక్తల శిష్యుల్లో ఒకడని, దేవుని యందు భయభక్తులు గలవాడని మాత్రం చెప్పింది. అంతటి భక్తుడూ అప్పు మిగిల్చి చనిపోయాడు! ఇంట్లో ఉన్నవన్నీ అప్పటికే అమ్ముకుని ఉంటుంది కాబోలు, అప్పులవాడు ఇక ఆమె ఇద్దరు కొడుకుల్నే దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు (2 రాజులు 4:1-7). ఎలీషా ఆమెను ‘అంత అప్పెందుకు చేశారమ్మా?’ అని అడగలేదు. దశమభాగం సరిగా ఇచ్చారా, ఇంట్లో దాచిపెట్టిన పాపమేదైనా ఉందా అని ఆరా తీయలేదు. నేను నీకేం చేయాలని అడిగాడు, నీ ఇంట్లో ఏముందని అడిగాడు. కాస్త నూనె ఉన్న చిన్న కుండ తప్ప ఇంకేమీ లేదన్నదామె. అయితే ఇరుగుపొరుగు ఇళ్లన్నీ తిరిగి వట్టి పాత్రలు అడిగి తెచ్చుకో, తలుపు వేసుకుని వాటిలో నూనె పోయి అన్నాడు. ఇంట్లోని పాత్రలన్నీ నిండాయి. ఆ నూనె అమ్మి ముందు అప్పు తీర్చమని, మిగిలినదానితో తానూ పిల్లలూ బతకమని చెప్పాడు.

ఈ కథ మీద మనం వినే ప్రసంగాలు సాధారణంగా నూనె దగ్గర మొదలై నూనె దగ్గరే ముగుస్తాయి. ఆ ఇరుగుపొరుగువాళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. భర్తపోయి, అప్పులో మునిగిన ఆడమనిషి వచ్చి పాత్ర అడిగితే, తిరిగొస్తుందో రాదోనని లోపలికెళ్లి తలుపేసుకోవచ్చు. వాళ్లు అలా చేయలేదు. ఇంకో విశేషం, తలుపు వేసుకోమని చెప్పడం. అద్భుతం జరిగినప్పుడు ఎవరూ చూడలేదు. ఆమె బీదరికమూ, దేవుడు ఆమెకు చేసిన మేలూ నలుగురికీ వేడుక కాలేదు. ఫ్లెక్సీ కట్టి, పేదల్ని వరుసలో నిలబెట్టి, ఒక్కొక్క దుప్పటికి ఒక్కొక్క ఫోటో తీయించుకునే మన క్రిస్మస్ సేవా కార్యక్రమాల పక్కన ఆ మూసిన తలుపును పెట్టి చూడండి!

పూర్వపు వరంగల్ జిల్లాలో ఈ విధవరాలి కథను ప్రత్యేకంగా వివరించాల్సిన పని లేదు. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వేర్వేరయ్యాయి గానీ, అప్పు మాత్రం ఉమ్మడి ఆస్తిగానే ఉండిపోయింది. 1997-98లో పత్తిచేలకు లద్దె పురుగు పట్టింది. ఏ మందు కొట్టినా చావలేదు, అమ్మినవాటిలో నకిలీ మందులూ చాలా ఉన్నాయి. విత్తనాలూ మందులూ ఖాతా మీద ఇచ్చిన షాపువాడే మిత్తికి అప్పిచ్చేవాడు కూడా. ఆ ఒక్క పంటకాలంలోనే ఈ జిల్లాలో వంద మందికి పైగా రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వారిలో చాలామంది తాగింది పురుగును చంపలేకపోయిన ఆ మందునే. ఆ తర్వాత వారంవారం కిస్తీల సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. గ్రూపులో ఒకామె కిస్తీ కట్టలేకపోతే మిగతా ఆడవాళ్లంతా ఆమె గుమ్మం ముందు కూర్చోవాలి. పొరుగువారినే అప్పులవాళ్లుగా మార్చేసిన ఏర్పాటది! ఆత్మహత్యలు పెరిగాక 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి దాన్ని కట్టడి చేయాల్సి వచ్చింది. పదేళ్లు గడిచాక, కరోనా కాలంలో, సెల్‌ఫోన్ రుణ యాప్‌లు దాపురించాయి. ఇప్పుడు అప్పులవాడు గుమ్మం దాకా కూడా రానక్కర్లేదు, మన ఫోన్లో ఉన్న బంధువుల నంబర్లన్నిటికీ మన పరువు పంచిపెడతాడు.

అప్పులకు తోడు ప్రకృతి వైపరీత్యాలు. జనగామ వైపు వాన కురవదు, బోరు మీద బోరు వేసి రైతు మునుగుతాడు, కొడుకులు రైలెక్కి హైదరాబాద్‌లో కూలిపనికి వెళ్తారు. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిలో 2023 జులై 27న తెల్లవారేసరికి వాగు ఊరిమీద పడింది, జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, కొందరు కొట్టుకుపోయారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగి మరిపెడ మండలం సీతారాం తండాను ముంచింది, అదే రోజు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. పట్టాలను రైల్వే వాళ్లు కొద్ది రోజుల్లోనే బాగుచేసుకున్నారు. తండాల్లో తడిసిన వడ్లకూ, కొట్టుకుపోయిన బర్రెకూ చేసిన అప్పు అంత తొందరగా తీరేది కాదు.

ఇలాంటి చోట సంఘం ఏం చేయాలి? ఇది ఈనాటి కొత్త ప్రశ్నేమీ కాదు. దీనికి సమాధానాలు వెతకడానికి విదేశాల వైపు కూడా చూడనక్కర్లేదు. 1876-78 నాటి ధాత కరువును తీసుకోండి. ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర దగ్గరికి ఆకలితో జనం పోటెత్తారు. ఆయన ఊరికే గంజి పోసి ఊరుకోలేదు. అప్పుడు ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. జనానికి పని ఇచ్చాడు, పనికి కూలి ఇచ్చాడు. అంతకన్నా గొప్ప సంగతి, కరువు సాయం నడిచినంతకాలం ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవారికి కూడా ఇవ్వలేదు. అన్నం కోసం విశ్వాసంలోకి వచ్చారన్న మాట ఆ జనం మీద పడకూడదని ఆగాడు. సాయం ముగిశాకే, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను మనం సువార్త సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. దాని ముందున్న నిరీక్షణ గురించి మాత్రం అంతగా చెప్పుకోం. పేదవాడి ఆకలిని అవకాశంగా వాడుకోకపోవడం కూడా దయలో భాగమేనని ఆయనకు తెలుసు.

ఇక మన ఇంటి ముందరి సాక్ష్యం డోర్నకల్. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తెలుగు నేర్చుకుని ఇక్కడ పరిచర్య చేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. ఆయన మందలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల కూలీలు, నిజాం రాజ్యంలో వెట్టి చేసినవాళ్లు. 1930లలో ప్రపంచమంతా ఆర్థికమాంద్యం. పంటకు ధర లేదు, కూలీకి పని లేదు, విదేశీ మిషన్ల నుంచి వచ్చే సొమ్ము తగ్గిపోయింది. ఇంత పేదల దగ్గర కానుక మాట ఎత్తకూడదని ఎవరైనా అంటారు. అజరయ్య అలా అనుకోలేదు. ఇవ్వడం ధనవంతుడి గొప్పతనం కాదని, విశ్వాసి హక్కని ఆయన నమ్మారు, క్రైస్తవుని ఈవి గురించి ఏకంగా ఒక పుస్తకమే రాశారు. డోర్నకల్ అధ్యక్ష మండలంలో ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు విడిగా కుండలో వేసేవారు. కోత పండుగకు వడ్లు, జొన్నలు, కోళ్లు, గుమ్మడికాయలు నెత్తిన పెట్టుకుని గుడికి తెచ్చేవారు. మాంద్యం ఇంకా పూర్తిగా వదలని 1939లో, జనవరి 6న, డోర్నకల్‌లో ఎపిఫనీ కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. అక్కడి స్తంభాల్ని చూడ్డానికి ఇప్పటికీ జనం వెళ్తారు. నాకైతే ఆ స్తంభాలకన్నా ఆ పిడికెడు బియ్యం కుండే ఎక్కువ బలమైనదనిపిస్తుంది. మిజోరం ప్రెస్బిటేరియన్ ఆడవాళ్లు 1910లో మొదలుపెట్టిన ఇలాంటి పిడికెడు బియ్యమే అక్కడి సంఘ పరిచర్యను ఈనాటికీ మోస్తోంది.

పిడికెడు అనగానే రూతు గుర్తొస్తుంది. పొలం అంచుల్ని పూర్తిగా కోయకూడదని, రాలిన పరిగెను ఏరుకోకూడదని, అవి బీదలకూ పరదేశులకూ వదిలేయాలని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది (లేవీ 19:9-10). బోయజు ఆజ్ఞ దగ్గరే ఆగలేదు. రూతు ఏరుకునే దారిలో పనల నుంచి కొన్ని పిడికెళ్లు కావాలనే జారవిడవమని, ఆమెను ఏమీ అనవద్దని తన మనుషులకు చెప్పాడు (రూతు 2:15-16). ఆమె తన కష్టంతో ఏరుకున్నానని అనుకుంటూ ఇంటికి వెళ్లాలి, అత్త నయోమి ముందు తలెత్తుకుని మూట విప్పాలి. ఇచ్చేవాడు కనబడకుండా ఇచ్చిన దానమది. మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి ఏటా మన చేలకు వస్తున్న ఆదివాసీ కూలీలు ఈనాటి మోయాబీయులు కారా? 2020లో లాక్‌డౌన్ పడ్డప్పుడు ఆ కూలీల్లో చాలామంది గోదావరి దాటి అడవిదారుల్లో కాలినడకన ఇళ్లకు బయల్దేరారు. మన చేనులో మిర్చి ఏరిన మనిషి మన బోయజు పొలం కథ వినలేదు, చూడనూ లేదు.

అజరయ్య గురించి ఇంకొక్క మాట చెప్పాలి. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, ముప్ఫై అయిదేళ్లు మాత్రమే నిండిన ఈ యువకుడు తెల్లదొరల ఎదుట నిలబడి ఒక సంగతి సూటిగా చెప్పారు. మీరు మా బీదల కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, అందుకు కృతజ్ఞులం, అయితే మాకు మీ స్నేహం కావాలి అన్నది ఆ ప్రసంగ సారం. ఆస్తినంతా బీదలకు పెట్టినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదన్న పౌలు బోధ (1 కొరింథీ 13:3) దాని వెనకుంది. సభలో చాలామందికి ఆ ప్రసంగం మింగుడు పడలేదు. తెల్లదొరలు వెళ్లిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు ఆ మాట ఎవరు ఎవరితో అనాలి?

భూపాలపల్లి సంఘాలకే ఆ ప్రశ్న వేసి చూద్దాం. 2024 సెప్టెంబరులో సింగరేణి లాభాల వాటా ప్రకటించినప్పుడు పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేల రూపాయలు దక్కాయి. కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారిగా బోనస్ ఇచ్చారు, అది 5 వేలు. ఒకే బొగ్గు, ఒకే దుమ్ము! ఆ ఇద్దరూ ఆదివారం ఒకే చాపమీద కూర్చుంటారు, ఒకే రొట్టె విరుచుకుంటారు. కొరింథులో ప్రభురాత్రి భోజనానికి కూడినప్పుడు ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తిని తాగి మత్తెక్కి ఉంటున్నాడని పౌలు మండిపడ్డాడు. అలా చేసేవారు లేనివారిని సిగ్గుపరుస్తూ దేవుని సంఘాన్నే తిరస్కరిస్తున్నారన్నాడు (1 కొరింథీ 11:20-22). అయోగ్యంగా తినడం, తాగడం అనే హెచ్చరిక వచ్చేది దాని తర్వాతే. మనమేమో ఆ హెచ్చరికను సిగరెట్టుకూ సినిమాకూ అన్వయించుకుని, పక్కవాడి ఆకలిని వదిలేశాం.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. కష్టకాలంలో కొన్నిచోట్ల సంఘమే ఇంకో అప్పులవాడవుతోంది. విత్తితే నూరంతలు కోస్తారని చెప్పి, మిత్తికి డబ్బు తెచ్చిన రైతు చేత మొక్కుబడులు చేయించే బోధలు టీవీల నుంచి పల్లెల దాకా చేరాయి. మందిరం స్లాబుకు ఇంటికింత అని రాసి, ఇవ్వనివారి పేర్లు ఆరాధనలో చదివే సంఘాలున్నాయి. దీనికి వేద విధవరాలి రెండు కాసుల్ని సాక్ష్యం తెస్తారు (మార్కు 12:41-44). దానికి ముందున్న 40వ వచనం మాత్రం ఎవరూ చదవరు. విధవరాండ్ర ఇళ్లు మింగేస్తూ, మాయవేషంగా దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రుల్ని ప్రభువు గద్దించింది అందులోనే. అజరయ్య అడిగిన పిడికెడుకీ ఈ వసూలుకీ తేడా ఒక్కటే. పిడికెడు ఉన్నదాంట్లోంచి వచ్చేది, ఇది అప్పులోంచి వస్తున్నది. యెరూషలేము సంఘం కోసం పౌలు చందా కూర్చినప్పుడు కటిక బీదవారైన మాసిదోనియ సంఘాలు తమకూ ఆ భాగ్యం ఇమ్మని బతిమాలుకున్నాయి (2 కొరింథీ 8:1-4). పౌలు వారి మీద ఒత్తిడి చేయలేదు. కలిగినదాన్ని బట్టే ఇస్తే చాలని, ఒకరికి తేలికై ఇంకొకరికి భారం కాకూడదని అదే అధ్యాయంలో రాశాడు.

ఇక ఆత్మహత్య చేసుకున్న రైతు ఇంటికి వెళ్లడం గురించి. సమాధి దగ్గర చాలాచోట్ల పాపం, నరకం గురించే ప్రసంగం జరుగుతుంది, కొన్నిచోట్ల పాస్టర్‌ను రానివ్వరు కూడా. చనిపోయిన మనిషికి తీర్పు తీర్చేవాడు దేవుడు, ఆ పనిలో ఆయనకు మన సాయం అక్కర్లేదు. ఎదురుగా బతికున్న మనిషికి మాత్రం మన సాయం కావాలి. ఆమెకు మొదటి నెలలోనే కాగితాల బాధ మొదలవుతుంది. భర్త పేరున పట్టా భూమి ఉండి, వయసు 18-59 ఏళ్ల మధ్య ఉంటే 2018 ఆగస్టు నుంచి అమలైన రైతు బీమా కింద 5 లక్షలు వస్తాయి. కౌలు రైతుకు అది వర్తించదు, రైతుబంధు కూడా కౌలు రైతు చేతికి రాలేదు. అలాంటి కుటుంబానికి దిక్కు 2004 నాటి జీవో 421. 2015లో జీవో 194 ఆ పరిహారాన్ని 6 లక్షలకు పెంచింది, ఇందులో లక్ష అప్పుల పరిష్కారానికి. అయితే త్రిసభ్య కమిటీ వచ్చి విచారించాలి, అది వ్యవసాయ అప్పేనని రుజువు కావాలి, షాపువాడు తెల్లకాగితం మీద రాసిచ్చిన లెక్క దొరకాలి, ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరగాలి. అక్షరం రాని, తండా దాటి ఎరుగని ఆడమనిషి ఇవన్నీ ఎలా చేస్తుంది? మన సంఘాల్లో డిగ్రీలు చదివి, యూత్ మీటింగుల్లో కీబోర్డు వాయించే పిల్లలు ఎందరు లేరు! ఆమెతో కూడా ఆర్డీవో ఆఫీసుకు నాలుగుసార్లు వెళ్లి రావడం కూడా ఆరాధనే. దిక్కులేని పిల్లలనూ విధవరాండ్రనూ వారి ఇబ్బందిలో పరామర్శించడమే నిష్కళంకమైన భక్తి అని యాకోబు రాసినప్పుడు (1:27) ఇంటికెళ్లి కాఫీ తాగి ప్రార్థన చేసి రమ్మని ఆయన ఉద్దేశం కాదు.

చావు దాకా రాకముందే చేయగలిగింది ఇంకా ఎక్కువ. అప్పు మనిషిని చంపేది మొత్తం వల్ల కాదు, సిగ్గు వల్ల. యాభై వేలు ఎవరినీ అడగలేక, అయిదు రూపాయల మిత్తికి తెచ్చి, అది రెట్టింపయ్యాక ఎవరికీ చెప్పుకోలేక లోలోపల నలిగిపోతాడు. సంఘంలో ఇంటికో పిడికెడు బియ్యం డబ్బా పెట్టి, నెలకోసారి తెచ్చి, కొంత ఆకలిగా ఉన్న ఇళ్లకు చేర్చి, మిగతాది అమ్మి, మిత్తి లేకుండా ఇచ్చే చిన్న నిధిగా పెట్టుకోవచ్చు. కోత పండుగ వేలంపాట సొమ్ములో కొంత దానికి కలపొచ్చు. మిత్తి లేకుండా ఇవ్వడం కొత్త ఆలోచన కాదు, బీదవాడైన సహోదరుడి దగ్గర వడ్డీ తీసుకోకూడదన్నది మోషే కాలం నాటి ఆజ్ఞ (నిర్గమ 22:25). సంఘంలో మిత్తి వ్యాపారం చేసేవారు ముందు వరుసలో కూర్చుంటుంటే మాత్రం ఈ నిధి మొదలవడం కష్టమే! పాస్టర్లు ప్రసంగ వేదిక మీద నుంచి ఒక మాట చెప్పాలి: అప్పులో ఉన్నవారు రాత్రి ఎంత పొద్దుపోయినా నా ఇంటి తలుపు తట్టండి అని. మనసు మరీ కుంగినవారికి టెలిమానస్ 14416 నంబరులో రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడే కౌన్సిలర్లున్నారని కూడా చెప్పాలి. వైద్యుడి దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదని మనవాళ్లకు ఇంకా చెప్పాల్సి వస్తోంది.

ఇవన్నీ చేస్తే మోసపోతామని, తీసుకున్నవాళ్లు తిరిగివ్వరని, కమిటీవాళ్లు తమవాళ్లకే ఇచ్చుకుంటారని పెద్దలు అంటారు. నిజమే, జరుగుతుంది. అపొస్తలుల కాలంలోనే జరిగింది. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు (అపొ.కా. 6:1-6). అపొస్తలులు గొడవలొస్తున్నాయని భోజనం పెట్టడం ఆపేయలేదు. ఏడుగురిని ఏర్పరచి బాధ్యత అప్పగించారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందని ఏ వర్గం వాళ్లు మొరపెట్టారో ఆ వర్గం చేతికే గరిటె ఇచ్చారన్నమాట! మన సంఘ కమిటీల్లో టీచర్లున్నారు, రిటైర్డ్ ఉద్యోగులున్నారు, కాంట్రాక్టర్లున్నారు. కౌలుకు చేసే రైతు ఒక్కడైనా ఉన్నాడా, తండా మనిషి ఉన్నాడా, గనిలో కాంట్రాక్టు కూలీ ఉన్నాడా, అప్పుతో భర్తను పోగొట్టుకున్న చెల్లెలు ఉందా అన్నది వచ్చే కమిటీ ఎన్నికకు ముందు పేర్ల జాబితా తీసి ఒకసారి చూసుకోవాలి.